మూడు బస్తాల ప్రేమ

పోయిన వారం కథ గోడ దగ్గర ఆగింది. అప్పుడు చదవని వాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. చదివిన వాళ్ళు ఈలోపు టీ కలుపుకోండి.

మామగారిది సిమెంటు కొట్టు. ఊళ్ళో సగం ఇళ్ళు ముప్ఫై ఏళ్ళుగా ఆయన బస్తాల మీదే లేచాయి. కోడలు ఇళ్ళకి ప్లాన్లు గీస్తుంది. ఆఫీసులో కూర్చుని కాగితం మీద పదకొండు ఇళ్ళు కట్టింది కానీ నేల మీద కడుతున్నది ఇదే మొదటిది. అదీ తమ కోసం, మామగారి స్థలంలో, మట్టితో. వాననీటి తొట్టి కోసం తవ్విన గోతిలోంచి వచ్చిన మట్టినే మెషీన్లో నొక్కించి, కాల్చకుండా ఆరబెట్టించి ఇటుకలు చేయించింది. వాటి మీద మట్టి, ఇసుక, సున్నం, తరిగిన ఎండుగడ్డి కలిపిన పూత. "సిమెంటు కొట్టువాడి కోడలు మట్టింట్లో కాపురమా! రేపు కొట్టు తెరిచి జనం మొహం ఎలా చూడను?" అని మామగారు మూడు నెలలు అలిగి, చివరికి పందేనికి దిగారు.

పందెం ఏమిటంటే పడమటి గోడ మీద మూడు గంటలు గొట్టంతో నీళ్ళు కొట్టాలి. గోడ చెదిరితే ఉన్న గోడలన్నీ పడగొట్టి, ఆయన చెప్పినట్టు కాల్చిన ఇటుకలతో, సిమెంటుతో మళ్ళీ మొదలుపెట్టాలి. నిలిస్తే ఇల్లు పూర్తయ్యేదాకా ఆయన నోరు మెదపకూడదు, పైగా కొట్టు బోర్డు మీద 'మట్టి ఇటుకలు కూడా దొరుకును' అని రాయించాలి. ఆ 'కూడా' దగ్గర బేరం ఒక పూటంతా సాగింది.

ఆదివారం పొద్దున్న పది గంటలకి నీళ్ళు వదిలారు. యాభై నిమిషాలకల్లా గోడ మీద పూత చాపంత పెళ్ళగా ఊడి ధబ్బున కింద పడింది. నేను సరిగ్గా అక్కడ ఆపాను. ఆపినందుకు మా వదినే నాతో వారం రోజులు మాట్లాడలేదు, ఇక మీ సంగతి చెప్పాలా!

* * *

పెళ్ళ పడ్డ చప్పుడుకి ప్రహరీ మీద కూర్చున్న ఇరుగుపొరుగు వాళ్ళు ఒక్కసారి "అయ్యో" అన్నారు. అంతకుముందు వాళ్ళలో సగం మంది మామగారి వైపు, సగం మంది కోడలి వైపు. ఆ అయ్యో మాత్రం అందరిదీ.

అత్తగారు పరుగున వెళ్ళి మోటారు ఆపేశారు. గోడ కింద తవ్విన కాలవలో నీళ్ళు నెమ్మదిగా తొట్టిలోకి జారుకున్నాయి. మూడు గంటలు నీళ్ళు వృథా చేస్తే ఊరుకోనని కోడలే ఆ కాలవ తవ్వించింది, పడ్డ నీళ్ళే మళ్ళీ గొట్టంలోకి వచ్చేట్టు. ఇప్పుడు ఆ కాలవ పక్కనే నిలబడి, ఊడిపోయిన చోటు వైపు చూస్తోంది. గోడలు పడగొట్టడానికి ఎన్ని రోజులు పడుతుందో మనసు దానంతట అదే లెక్క వేస్తుంటే, వద్దు వద్దని దాన్ని బతిమాలుకుంటోంది.

ఇప్పుడు మామగారు నవ్వాలి. దానికోసం ఆయన రాత్రే ఒక నవ్వు సిద్ధం చేసి పెట్టుకున్నారు. అద్దం ముందు నిలబడి నవ్వి చూసుకుంటుంటే అత్తగారు రెండుసార్లు పట్టుకున్నారు కూడా. కానీ ఆ నవ్వు రాలేదు. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, బురదలోకి దిగి, పడ్డ పెళ్ళలోంచి అరచేతంత ముక్క తీసుకున్నారు.

తడిసిన మట్టి పూత పిసికితే ముద్ద కావాలి. ఇది కాలేదు. రెండు చేతులతో పట్టుకుని విరిస్తే టప్పుమని విరిగింది. విరిగిన అంచు మీద బొటనవేలు రాసి చూశారు. జేబులోంచి కొట్టు తాళంచెవి తీసి గీసి చూశారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"వంకాయా అది, వాసన చూసి కొనడానికి?" అన్నారు అత్తగారు. ఆవిడ ఎందుకో ఆ ముక్క వైపు మాత్రం చూడలేదు.

ఒక్క మాట చెప్పనివ్వండి. ఆ క్షణంలో మామగారు ఆ ముక్కని బురదలో పడేసి, "చూశావా అమ్మాయ్" అని ఉంటే చాలు, పందెం ఆయనదే. ఆయన చేతిలో ఉన్నదేమిటో కనిపెట్టగల మనిషి ఆ ఆవరణలో ఇంకొకరు లేరు. మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేనైతే కచ్చితంగా పడేసేవాణ్ణి.

ఆయన ఆ ముక్క పట్టుకుని కోడలి దగ్గరికి నడిచి వచ్చారు.

"అమ్మాయ్! పూతలో సిమెంటు ఎంత వేశావ్?"

"చెంచాడు కూడా వెయ్యలేదు మామయ్యా."

"నిజం చెప్పు."

"వేస్తే ఇంక ఈ పందెం ఎందుకు మామయ్యా? మీ కొట్లోనే కొనేదాన్నిగా!"

"అయితే నేను ముప్ఫై ఏళ్ళుగా అమ్మింది సిమెంటు కాదు, గోధుమపిండి," అంటూ ఆ ముక్క ఆమె చేతిలో పెట్టారు. "ఇది ఊడింది మట్టి కాబట్టి కాదు. మట్టి కాదు కాబట్టే ఊడింది."

కోడలు ఒక్క ఉదుటున గోడ దగ్గరికి వెళ్ళింది. ఊడిన చోట చెయ్యి పెట్టింది. లోపలి మట్టి ఇటుకలు ఎక్కడివక్కడే ఉన్నాయి, అంచులు కూడా అరగలేదు. అప్పుడు ఆమెకి అర్థమైంది. మట్టి గోడ తడి తాగుతుంది, ఎండ రాగానే వదిలేస్తుంది, తాగినప్పుడు రవ్వంత ఉబ్బుతుంది. పైన పూత కూడా మట్టిదైతే దాంతోపాటే ఉబ్బి, దాంతోపాటే సర్దుకుంటుంది. సిమెంటు కలిపిన పూత బిగుసుకుని కూర్చుంటుంది, సర్దుకోదు. సన్న బీటలోంచి నీళ్ళు లోపలికి వెళ్ళాయి, బయటికి దారి లేదు, చివరికి పూతనే తోసేశాయి.

ఆమె వెనక్కి తిరిగి, "మేస్త్రి గారూ!" అని పిలిచింది.

మేస్త్రి అప్పటికే ఇసుక కుప్ప వెనక ఉన్నాడు. ఇటుక మీద ఇటుక పేర్చడంలో ఆయన్ని మించినవాడు లేడు కానీ దాక్కోవడం చేతకాదు. తలపాగా పైకి కనబడుతూనే ఉంది.

"ఒక్క బస్తా అమ్మా," అన్నాడు బయటికి వస్తూ. "ఒకే ఒక్క బస్తా. వేరే పనిలో మిగిలింది. నలభై ఏళ్ళుగా గోడలు కడుతున్నాను. నేను కట్టిన గోడ నీళ్ళకి కరిగిపోయిందంటే మళ్ళీ తాపీ పట్టుకోగలనా? పైగా మీరు ఓడిపోతారేమోనని భయం. పగలూ రాత్రీ ఈ ఇల్లే తలుచుకుంటూ తిరుగుతున్నారు. మీ మొహం చూడలేక కలిపేశాను."

కోడలు ఏదో అనబోయింది. మామగారు చెయ్యెత్తి ఆపారు. ఆయన మళ్ళీ బురదలోకి దిగి, ఊడిన పెళ్ళలోంచి ఇంకో రెండు ముక్కలు ఏరారు, ఒకటి అడుగున ఉన్నది, ఒకటి పైన ఉన్నది. కోడలి చేతిలోది కూడా తీసుకుని, మూడూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని ఎండకి చూశారు. వేరే ఊళ్ళో అయితే దీన్ని వజ్రాల వ్యాపారం అంటారు.

"ఒక్క బస్తా ఇంత గోడ పూతకి చాలదు మేస్త్రీ. మూడు రంగులున్నాయి. ఈ నడిమి ముక్క నువ్వు చెప్పింది, పాతబడ్డ సరుకు. ఈ కింది ముక్క..." ఆయన దాన్ని వేలితో గీసి చూసి ఆగిపోయారు. "ఈ కింది ముక్క మన కొట్టు సరుకు. పోయిన నెల వచ్చిన లారీది."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి సిమెంటు కొట్టు లేదు కాబట్టి ఆ మాట పుట్టి ఉంటుంది. మధ్యాహ్నం మామగారు భోంచేసి కునుకు తీసే గంటసేపు కొట్లో కూర్చునేది ఎవరో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు.

అందరూ అత్తగారి వైపు చూశారు.

"అలా చూస్తారేమిటి, బస్తా నా నెత్తిన ఉన్నట్టు?" అన్నారు అత్తగారు. తర్వాత గొంతు తగ్గించి, "నేనే పంపాను. మేస్త్రి అడగలేదు. నేనే పిలిచి, నువ్వు కలుపుతావా, నన్ను కలపమంటావా అన్నాను. పిల్ల రాత్రిళ్ళు నిద్రలో కూడా సున్నం, ఇసుక అని కలవరిస్తోందని వీడు చెప్పాడు. నా కడుపు తరుక్కుపోయింది. తప్పేనంటారా? తప్పే."

'వీడు' అన్నది కొడుకుని. కొడుకు పళ్ళ డాక్టరు. ఆ వేళంతా గడియారం పట్టుకుని సమయం చూసే పని అతనిది. తల్లి ఒప్పేసుకుంటుంటే అతను గడియారాన్ని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు, అందులో ఏదో రాసి ఉన్నట్టు.

"మరి ఈ పై ముక్క?" అన్నారు మామగారు. "ఇది మేస్త్రిది కాదు, మనదీ కాదు. కాస్త పచ్చ జీర ఉంది చూడు. ఈ సరుకు ఊళ్ళో ఒక్కచోటే దొరుకుతుంది. నా ఎదురు కొట్లో."

గడియారం చూస్తున్న కొడుకు దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు.

"నువ్వా?" అంది కోడలు.

"అంటే... పంటికి పెట్టే సిమెంటు చాలా గట్టిగా ఉంటుంది కదా, ఆ ఆలోచనతో..." అన్నాడు పళ్ళ డాక్టరు. "నీకోసమే. ఒట్టు. ఒక్క బస్తా, మేస్త్రికే ఇచ్చాను."

"ఎదురు కొట్లో కొన్నావురా?" అన్నారు మామగారు. "నా కడుపున పుట్టి, నా ఎదురు కొట్లో? వాడు లోపల నవ్వుకుని ఉండడూ! నా కొట్లో దొంగతనం చేసినా ఇంత బాధపడేవాణ్ణి కాదు. మీ అమ్మని చూసి నేర్చుకో!"

ప్రహరీ మీద జనం ఇక ఆపుకోలేకపోయారు. నవ్వు అలా ఒక కొస నుంచి మరో కొసకి పాకింది. మేస్త్రి కూడా తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. అత్తగారు నవ్వారు. కోడలు మాత్రం నవ్వలేదు.

ఆమె ఇటుకల వరస మీద కూర్చుంది. కళ్ళు తుడుచుకుంటే బుగ్గకి బురద అంటింది.

"మీరందరూ నన్ను ప్రేమించారు అత్తయ్యా," అంది. "నాకు తెలుస్తోంది. కానీ నా గోడని ఒక్కరూ నమ్మలేదు. రెండేళ్ళు ఈ మట్టి కోసం తిరిగాను. ఎంత పాళ్ళో, ఎంత సున్నమో, ఎన్ని రోజులు నానబెట్టాలో. మీరు రోజూ విన్నారు, బాగుంది బాగుంది అన్నారు. వెనక మాత్రం బస్తాలు మోశారు. నిజంగా గెలిచి ఉంటే ఏమయ్యేది? నేను గెలిచాననుకుని ఊరంతా ఇలాంటి గోడలే కట్టేదాన్ని, అన్నీ ఇలాగే ఊడేవి."

అత్తగారు పక్కన కూర్చుని కొంగుతో ఆమె బుగ్గ మీది బురద తుడిచారు. కొడుకు తల వంచుకున్నాడు. ప్రేమకి కూడా పాళ్ళు ఉంటాయని, ఎక్కువైతే గోడ ఊడుతుందని ఆ రోజు ముగ్గురికి తెలిసింది.

అప్పుడు మామగారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్! ఒకటి గమనించావా? ఇంట్లో అందరూ నీ పక్షం. నేనొక్కడినే శత్రువుని. కానీ నీ గోడ మట్టిదే అని నమ్మి వచ్చినవాణ్ణి కూడా నేనొక్కడినే."

కోడలు తలెత్తి చూసింది. ఆరేళ్ళలో మామగారు ఆమెతో అన్న అన్ని మాటల్లోకీ అది మంచి మాట. ఆమెకి గుండె నిండిపోయి, ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"కాబట్టి ఇది పరీక్ష కాదు," అన్నారాయన. "సిమెంటు గోడకి నీళ్ళు కొట్టాం, అది ఓడింది. నాకేం సంతోషంగా లేదు. మేస్త్రీ, సిమెంటు తగలని గోడ ఏదైనా ఉందా అసలు?"

"ఉత్తరం గోడ," అంది ఒక ఆడ గొంతు.

మేస్త్రి భార్య. మట్టి కలిపేదీ, పూత పనిలో మేస్త్రికి సాయం చేసేదీ ఆమే. పొద్దున్నించీ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మట్టి ముద్ద పిసికి, పాళ్ళు చాలలేదో ఎక్కువయ్యాయో చెప్పేస్తుంది, కోడలి పుస్తకాల కంటే ముందు. మేస్త్రికి కాలు బెణికి వారం రోజులు ఇంట్లో పడుకున్నప్పుడు ఆ గోడకి పూతంతా ఆమే పూసింది.

"నా గోడలో గుప్పెడు కూడా లేదు," అంది. "అంతకుముందు పడమటి గోడప్పుడు ఈయన బస్తా మోసుకొస్తే వద్దన్నాను. మట్టికి మట్టే బలం అన్నాను. వినలేదు, నేను లేనప్పుడు కలిపి పూశాడు."

మేస్త్రి మళ్ళీ ఇసుక కుప్ప వైపు చూశాడు.

చిక్కు ఒకటుంది. ఆ పూతకి ఇంకా ఎనిమిది రోజులే. సున్నం కలిపిన పూత గట్టిపడటానికి మూడు వారాలు పడుతుంది. ఆ సంగతి కోడలికి తెలుసు, మేస్త్రి భార్యకి తెలుసు, మామగారికీ తెలుసు.

"ఒక మాట చెబుతాను," అన్నారు మామగారు కాస్త మెత్తగా. "రాజీ పడదాం. గోడలు నీవి, ఎవరూ పడగొట్టరు. పైకప్పు మాత్రం నాది, సిమెంటు స్లాబు. ఇక్కడితో ఆపేద్దాం. ఎవరి పరువూ పోదు."

అత్తగారు కోడలి చెయ్యి నొక్కారు, ఒప్పుకోమన్నట్టు. మంచి బేరమే. ప్రహరీ మీద వాళ్ళు కూడా మంచి బేరమేనని తలలాడించారు. కానీ కోడలు గీసిన ఇంట్లో పైకప్పు చాలా ముఖ్యం. కమానులా వంచిన ఇటుకల కప్పు, వేడి గాలి పైకి పోవడానికి రెండు కిటికీలు, ఎండాకాలం ఫ్యాను లేకపోయినా నిద్ర పట్టే గది. స్లాబు వేస్తే ఆ గది ఉండదు.

ఆమె లేచి మేస్త్రి భార్య దగ్గరికి వెళ్ళింది. "పూసింది నువ్వు. నువ్వే చెప్పు. నీళ్ళు కొట్టించమంటావా?"

మేస్త్రి భార్య ఉత్తరం గోడ మీద అరచెయ్యి వేసి, జ్వరం చూసినట్టు చూసింది. "కొట్టించండమ్మా," అంది.

"అయితే సరే!" అని మామగారు ఒక కుర్చీ ఎత్తుకుని, ఇంకా తలుపులు పెట్టని గుమ్మంలోంచి లోపలికి నడిచారు. కుర్చీని ఉత్తరం గోడకి ఆనించి, గోడకి వీపు పెట్టి కూర్చున్నారు. "కొట్టండి నీళ్ళు. చెమ్మ లోపలికి వస్తే ముందు నా చొక్కాకే తెలుస్తుంది. గోడ పడితే నా మీదే పడుతుంది. అప్పుడు కూడా పందెం నేనే గెలిచినట్టు, గుర్తుపెట్టుకోండి!"

"శుభమా అని మాట్లాడండి!" అని అత్తగారు కేకలేశారు.

పదకొండున్నరకి నీళ్ళు వదిలారు. ఈసారి గొట్టం కోడలే పట్టుకుంది. మొదటి గంటలో పూత ముదురు రంగుకి తిరిగింది. కాసిని గడ్డి పరకలు బయటికి తేలాయి. రెండో గంటలో ఒక మూల చిన్న చార పడితే, ప్రహరీ మీద వాళ్ళందరూ మెడలు సాచి చూశారు. మేస్త్రి భార్య దగ్గరికి వెళ్ళి చూసి, "ధూళి కొట్టుకుపోయిందంతే," అంది. పళ్ళ డాక్టరు ఐదు నిమిషాలకోసారి టైము చెబుతుంటే, ఇంకోసారి చెబితే నీ పళ్ళు నేనే పీకుతానని అత్తగారు అన్నారు. లోపల్నుంచి మామగారి గొంతు మొదట్లో వినబడుతూ ఉంది, అది బాగోలేదు, ఇది బాగోలేదు అని. తర్వాత తర్వాత ఆగిపోయింది.

రెండున్నరకి ఇంకా పది నిమిషాలుందనగా ఆయన పిలిచారు.

"అమ్మాయ్! గొట్టం మేస్త్రి భార్యకి ఇచ్చి, నువ్వొక్కదానివే లోపలికి రా."

ఆ గొంతులో గెలుపూ లేదు, ఓటమీ లేదు. కోడలు గొట్టం ఇచ్చి లోపలికి వెళ్ళింది.

బయట ఎండ మండిపోతోంది. లోపల చల్లగా ఉంది. మామగారు కుర్చీ తిప్పుకుని గోడకి ఎదురుగా కూర్చుని ఉన్నారు. చొక్కా వీపున తడి మరక లేదు. అరచెయ్యి గోడ మీద ఆనించి ఉంచారు.

"నువ్వూ పెట్టి చూడు," అన్నారు.

పెట్టింది. పొడిగా ఉంది. అటువైపు దాదాపు మూడు గంటలుగా నీళ్ళు కొడుతున్న గోడ, ఇటువైపు పొడిగా, చల్లగా ఉంది. కోడలు నుదురు గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది. పదకొండు కాగితం ఇళ్ళ తర్వాత ఒక నిజమైన గోడ. ఆమె సంతోషానికి ఆ గది చాలలేదు.

"గెలిచావమ్మా," అన్నారు మామగారు. "బోర్డు రేపే రాయిస్తాను. 'కూడా' తీసేస్తాను కావాలంటే."

"ఆ మాట బయటికొచ్చి అందరి ముందూ చెప్పండి మామయ్యా!"

"చెబుతాను. ముందు ఇంకో మాట ఉంది. కూర్చో."

కూర్చోవడానికి రెండో కుర్చీ లేదు. ఆమె నిలబడే ఉంది. ఆయన గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"ఇలాంటి ఇల్లే ఇంకొకటి కట్టాలి. చిన్నది, రెండు గదులు చాలు. వానలు పడేలోపు. నేను పెళ్ళికి ముందు ఒక ఇల్లు కట్టించాను, అప్పుడు నాకు సిమెంటు తప్ప ఇంకేమీ తెలియదు. ఇప్పుడు దాని గోడలు ఏడాది పొడుగునా చెమరుస్తున్నాయి. అందులో ఉన్న మనిషికి దగ్గు తగ్గడం లేదు. ఊపిరి ఆడక రాత్రంతా కూర్చునే ఉంటోంది. డాక్టరు ఇల్లు మారమన్నాడు, ఆవిడ కదలనంటుంది. ఇప్పటిదాకా ఏం చెయ్యాలో నాకు తోచలేదు. ఇందాక ఇక్కడ కూర్చుంటే తోచింది."

"ఎవరు మామయ్యా ఆవిడ?"

"మీ అత్తయ్యకి మాత్రం తెలియకూడదు. మాటివ్వు."

"ముందు ఎవరో చెప్పండి."

బయట మోటారు ఆగింది. రెండున్నర అయినట్టుంది. ప్రహరీ మీంచి చప్పట్లు, మేస్త్రి ఈల, వాటన్నిటి మీదుగా అత్తగారి గొంతు: "మామా కోడళ్ళిద్దరూ లోపల ఏం గుసగుసలాడుతున్నారు? వస్తున్నా ఉండండి!"

మామగారు కుర్చీలోంచి లేచారు. గోడ మీంచి చెయ్యి తీయలేదు.

"మా అక్క," అన్నారు.

కోడలు కాపురానికి వచ్చి ఆరేళ్ళయింది. మామగారికి ఒక అక్క ఉందని ఆ ఇంట్లో ఇంతవరకు ఒక్కరు కూడా ఆమెతో అనలేదు.

గుమ్మంలో అత్తగారి నీడ పడింది.